బుడమేరు గట్టు మీదకు సైనికులు ఎవరు పిలిస్తే వచ్చారు?

చిన్నూ, బుజ్జీ,

మీ ప్రశ్న నాన్న ఫోన్లో చెప్పాడు. "మిలిటరీ వాళ్ళు వస్తే పనులు చకచకా అయిపోతాయి కదా, మరి వాళ్ళని ఎప్పటికీ ఇక్కడే ఉంచేస్తే పోలా తాతయ్యా?" అని అడిగారట. రెండు ముక్కల్లో తేలే మాట కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మా విజయవాడ సింగ్ నగర్‌లోకి బుడమేరు వాగు నీళ్ళు వచ్చాయి. నేనూ నానమ్మా కింద వాటా వదిలేసి మేడెక్కాం. ఇక ఎన్ని మెట్లు మునిగాయో లెక్కపెట్టుకోవడమే పని. ఏడో మెట్టు మునిగాక నానమ్మ లెక్క మానేసింది. హెలికాప్టర్లు తిరుగుతూ మేడల మీద ఆహార పొట్లాలు వదిలేవి. వాటిలో నౌకాదళం వాళ్ళవీ, వైమానిక దళం వాళ్ళవీ ఉన్నాయి.

పొట్లాలతో ఆకలి తీరింది కానీ నీళ్ళు తగ్గలేదు. ఎందుకంటే పైన, కొండపల్లి వైపు, బుడమేరు మళ్ళింపు కాలువ గట్టుకి మూడు గండ్లు పడ్డాయి. అవి పూడితే తప్ప మాకు విముక్తి లేదు. ఇరిగేషన్ వాళ్ళు రాత్రింబవళ్ళు కష్టపడి రెండు పూడ్చారు. మూడోది పెద్దది. అప్పుడు సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చూసే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సైనికులు వచ్చారు.

వాళ్ళు గేబియన్ బుట్టలు వాడారు. గట్టి ఇనుప తీగతో పెట్టెలాగా అల్లిన బుట్ట అది. అందులో రాళ్ళు నింపి, మూత వేసి తీగతో కుట్టేస్తారు. విడిగా వేసిన రాయిని ప్రవాహం లాక్కుపోతుంది. బుట్టలో పడ్డాక వంద రాళ్ళూ కలిసి ఒక్క బండలా కూర్చుంటాయి. పక్కనే ఇరిగేషన్ వాళ్ళ పొక్లెయిన్లు, టిప్పర్లు. అందరూ కలిసి 7వ తేదీ శనివారం, సరిగ్గా వినాయక చవితి నాడు, ఆ గండి పూడ్చారు.

ఇంతకీ వాళ్ళని ఎవరు పిలిచారు? మీరు నిజంగా తెలుసుకోవాల్సింది ఇదే. సైన్యం దానంతట అది ఊళ్ళోకి రాదు. మన కలెక్టరో, రాష్ట్ర ప్రభుత్వమో అడగాలి. నేను కలెక్టరేట్‌లో పనిచేసిన రోజుల్లో మా పెద్ద గుమాస్తాగారు ఒక సంగతి నేర్పారు. సైన్యాన్ని అడిగే కాగితంలో "ఇంతమందిని పంపండి" అని రాయకూడదు. "ఫలానా చోట ఫలానా పని ఉంది, సాయం చేయండి" అని రాయాలి. ఎంతమంది రావాలి, ఏ సామాను తేవాలి, ఎలా చేయాలి అన్నది వాళ్ళ అధికారి చూసుకుంటాడు. ఏ పని కావాలో చెప్పడం మాత్రం పూర్తిగా మన బాధ్యత.

వరదలప్పుడు నారింజ రంగు దుస్తుల్లో పడవలు నడిపేవాళ్ళని చూసి మిలిటరీ అనుకుంటారు చాలామంది. వాళ్ళు ఎన్డీఆర్ఎఫ్, అంటే జాతీయ విపత్తు స్పందన దళం. 2006లో ఏర్పడింది. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర పోలీసు బలగాల నుంచి వస్తారు. మనకి దగ్గర్లో కొండపావులూరులో వాళ్ళ పదో బెటాలియన్ ఉంది. ముందు వెళ్ళాల్సింది వాళ్ళూ, రాష్ట్రం మనుషులూ. వాళ్ళ చేతిలో లేని సామానో, నైపుణ్యమో కావాల్సి వస్తే అప్పుడు సైన్యం.

ఆ నైపుణ్యం ఎలాంటిదో కేరళలోని వయనాడ్‌లో చూశాం. 2024 జులై 30న కొండచరియలు విరిగిపడి చూరల్మల దగ్గర వంతెన కొట్టుకుపోయింది. సైనికులు 190 అడుగుల బెయిలీ వంతెన కట్టారు. ఆగస్టు 1 సాయంత్రానికి దాని మీద బండ్లు నడిచాయి. బెయిలీ వంతెనలో ఒక్కో ఉక్కు పలక పొడవు పది అడుగులు, ఆరుగురు మనుషులు ఎత్తగలిగే బరువు. వెల్డింగ్ ఉండదు, పలకకీ పలకకీ పిన్నులు దిగ్గొట్టి కలుపుతారు. చిన్నూ, ఒక వరసకి ఎన్ని పలకలు పడతాయో నువ్వే లెక్క కట్టు. ఆ పనిలో ముందున్న అధికారి మేజర్ సీతా షెల్కే. బుజ్జీ, ఆవిడ ఫోటో నాన్నని అడిగి చూడు.

మరి ఎప్పటికీ ఉంచేస్తే? సైనికుడి చేతిలో ఎప్పుడూ ఇనుప బుట్టే ఉండదు, తుపాకీ కూడా ఉంటుంది. ఊళ్ళో గొడవలు చెలరేగి పోలీసుల వల్ల కానప్పుడు కూడా సైన్యాన్ని పిలుస్తారు. అక్కడ చట్టం చాలా జాగ్రత్తగా ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 149వ సెక్షన్ ప్రకారం గుంపుని చెదరగొట్టమని మేజిస్ట్రేట్ చెప్పాలి. సైన్యం వాడే బలం, మనుషులకీ ఆస్తులకీ జరిగే నష్టం, పని జరగడానికి ఎంత అవసరమో అంతకు మించకూడదు. మేజిస్ట్రేట్‌ని సంప్రదించే దారే లేక అధికారి తనంతట తాను దిగాల్సి వచ్చినా, వీలు దొరకగానే ఆయనతో మాట్లాడి, అక్కణ్ణించి ఆయన చెప్పినట్టే నడవాలి.

1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో ఏం జరిగిందో మీ పుస్తకాల్లో ఉంది. చెదిరిపొమ్మని హెచ్చరిక కూడా లేకుండా బ్రిటిష్ సైన్యాధికారి డయ్యర్ అక్కడ చేరిన జనం మీద కాల్పులు జరిపించాడు. శత్రువు మీద ప్రయోగించాల్సిన బలం సొంత జనం మీదకి తిరిగితే ఏమవుతుందో ఆ గోడల మీద గుండ్ల గుర్తులు ఇప్పటికీ చూపిస్తాయి. అందుకే పిలిచే అధికారం ఒకరి చేతిలో, తుపాకీ మరొకరి చేతిలో ఉండాలంటాను.

ఇంకోటి, ఆఫీసు మనిషిగా చెబుతున్నాను. సైన్యం పక్కనే కాచుకుని కూర్చుంటే మేం ఎండాకాలంలో గట్టు చూసుకోం. కాలువ పూడిక తీయించం. ఎలాగూ వాళ్ళొస్తారులే అనుకుంటాం. ఇది ఊహించి రాస్తున్నది కాదు, మా మనసులు ఎలా పనిచేస్తాయో నాకు తెలుసు. అక్కడ సరిహద్దులో వాళ్ళు చేయాల్సిన పనిని మేం చేయలేం కదా.

చవితి తర్వాత మా మెట్ల మీద నీళ్ళు దిగడం మొదలైంది. ఆరో మెట్టు బయటపడ్డ రోజు నానమ్మ దాన్ని కడిగి చిన్న ముగ్గు వేసింది. గట్టు మాకు చాలా దూరం కాబట్టి గండి పూడ్చిన సైనికుల్ని మా వీధిలో ఒక్కరం కూడా చూడలేదు. మేం గేటు దాకా నడిచి వెళ్ళగలిగేసరికి వాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు.

మీ తాతయ్య