ఆపరేషన్ అయిన పిల్లలకు నొప్పి మందులు: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో మత్తు డాక్టరుగా నా పని థియేటర్‌లోనే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అసలు పని వార్డులో మొదలవుతుంది. ఆదోని, పత్తికొండ, అటు గద్వాల నుంచి పిల్లల్ని తెచ్చిన అమ్మలూ అవ్వలూ తరచూ అనే మాటలు ఇవి.

అపోహ: ‘పారాసెటమాల్ జ్వరం మందు కదా సార్, కోతకు అదేం పని చేస్తాది?’

వాస్తవం: చేస్తుంది. హెర్నియా, బుడ్డ, సున్తీ లాంటి చిన్న ఆపరేషన్లకు చాలామంది పిల్లల్లో పారాసెటమాల్, ఐబూప్రోఫెన్, వాటికి తోడు మేమిచ్చే తిమ్మిరి సూది సరిపోతాయి. ఆ రెండు మందులూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి, కలిసి ఇస్తే ఒక్కదానికంటే నొప్పి బాగా ఆగుతుంది. పెద్ద ఆపరేషన్లకు మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు కావాలి, అక్కడ మేం పిసినారితనం చూపించం.

అపోహ: ‘ఏడిస్తే పోస్తాంలే సార్, ఊరికే మందులెందుకు?’

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఈ మాటే. పిల్లాడు మత్తులో ఉండగానే తోక ఎముక దగ్గర ఇచ్చిన తిమ్మిరి సూది 4 నుంచి 6 గంటలు పనిచేస్తుంది. సాయంత్రం వాడు మంచం మీద ఎగురుతుంటాడు, ఇంట్లోవాళ్లు సీసా మూత కూడా తీయరు. రాత్రికి తిమ్మిరి దిగిపోతుంది, వార్డంతా లేస్తుంది. అప్పుడు సిరప్ పోసినా, పని మొదలుపెట్టడానికి అరగంటైనా పడుతుంది. ఏడ్చే పిల్లాడు దాన్ని కక్కేస్తే మళ్లీ మొదటికి. అందుకే తిమ్మిరి దిగకముందే మొదటి డోసు పడాలి. తర్వాత రెండు రోజులు ఏడుపును కాదు, గడియారాన్ని చూసి ఇవ్వాలి. పారాసెటమాల్ 6 గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లకు మించకుండా.

అపోహ: ‘మావోడు మంచోడు, నోరెత్తట్లేదు.’

కాళ్లు ముడుచుకుని, కదలకుండా, అమ్మ ముట్టుకున్నా మొహం తిప్పుకునే పిల్లాడికి నొప్పి ఉన్నట్టే. పసికందులకు నొప్పి తెలియదని 1980ల దాకా డాక్టర్లే చాలామంది నమ్మారు, మీ అవ్వను తప్పుపట్టి లాభం లేదు.

అపోహ: ‘ఏ సీసా అయినా ఒకటే, ఒక మూత పోస్తే చాలు.’

వాస్తవం: పారాసెటమాల్ డోసు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములు. 12 కిలోల పిల్లకు 180. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సీసా అయితే 7.5 మి.లీ. పోయాలి. 250 ఉండే సీసా అయితే 3.6 చాలు. సీసా మారినా కొలత మార్చకపోతే డోసు రెట్టింపు దాటి కాలేయం మీద పడుతుంది. ఐబూప్రోఫెన్ అని కొన్న సీసాలో పారాసెటమాల్ కూడా కలిసి ఉండొచ్చు, లేబుల్ చదివించుకోండి. ఐబూప్రోఫెన్‌ను ఏదైనా తిన్నాక ఇవ్వండి. వాంతులవుతూ నీళ్లు తాగని బిడ్డకూ, 6 నెలల్లోపు బిడ్డకూ వద్దు.

అపోహ: ‘మెడికల్ షాపులో ఇంకా పవర్ మందు ఇస్తారంట.’

ఇస్తారు, అదే భయం. 12 ఏళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ అనే నొప్పి మందును మన దేశంలో 2011లోనే నిషేధించారు. కోడీన్, ట్రమడాల్ కూడా ఆ వయసుకు వద్దని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ తేల్చింది. కొందరు పిల్లల ఒంట్లో కోడీన్ చాలా వేగంగా మార్ఫిన్‌గా మారి, నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది.

మూడో రోజుకు నొప్పి తగ్గకుండా పెరిగితే, కుట్ల దగ్గర వాపు, జ్వరం ఉంటే, మూత్రం రాకపోతే డోసు పెంచకండి. పిల్లాడిని తీసుకురండి, సీసా కూడా తెండి.