పత్రాల లెక్కతో పదోన్నతి: 2015 నాటి సర్క్యులర్ మిగిల్చిన చిక్కు

నమ్మదగిన పరిశోధన పత్రికల జాబితా ‘కేర్’‌ను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2025 ఫిబ్రవరిలో రద్దు చేసి, మంచిచెడులు తేల్చుకునే పని విశ్వవిద్యాలయాలకే వదిలేయడంతో, అధ్యాపకుల పదోన్నతిని పరిశోధన పత్రాలతో ముడిపెట్టడంపై పాత వివాదం మళ్లీ రాజుకుంది. వైద్య కళాశాలల అధ్యాపకులకు నిబంధనలు వేరే అయినా, వారి చిక్కు కూడా ఇదే.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా హైదరాబాద్‌కు చెందిన ఓమిక్స్ అనే పత్రికల ప్రచురణ సంస్థను తలచుకోవడం ఆనవాయితీ అయింది. సరైన సమీక్ష లేకుండానే వ్యాసాలు ప్రచురించి, రుసుము సంగతి ముందుగా చెప్పకుండా రచయితలను మోసగించిందన్న అభియోగంపై 2019లో అమెరికా కోర్టు ఆ సంస్థకు వ్యతిరేకంగా 5.01 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. ఆరోపణలను సంస్థ ఖండించింది. అయితే అది అమ్మేవారి కథ. కొనేవారు ఎందుకు పుట్టుకొచ్చారో తెలియాలంటే 2015 సెప్టెంబరులో భారత వైద్య మండలి జారీ చేసిన సర్క్యులర్‌ను చదవాలి.

ఎలక్ట్రానిక్ పత్రికల్లో వచ్చిన వ్యాసాలు పదోన్నతికి పనికిరావని, మొదటి ఇద్దరు రచయితలకే గుర్తింపు ఉంటుందని, కొత్తగా చేసిన సొంత పరిశోధన (ఒరిజినల్ రిసెర్చ్) పత్రాలనే లెక్కిస్తామని అది చెప్పింది. నాసిరకం ఆన్‌లైన్ పత్రికలకు అడ్డుకట్ట వేయాలన్నదే మండలి ఉద్దేశం అయి ఉండవచ్చు. కానీ పేరున్న వైద్య పత్రికలు కొన్ని అప్పటికే అచ్చు ప్రతి లేకుండా వెలువడుతున్నాయి. అనేక ఆసుపత్రులు కలిసి చేసే క్లినికల్ ట్రయల్‌లో పదిమంది శ్రమించినా ఇద్దరికే ఫలం దక్కుతుందంటే, పేర్ల వరుస కోసం పేచీలు, పని చేయని విభాగాధిపతికి పేరు దానం చేయడం పెరగవా? రచయిత అనిపించుకోవాలంటే అధ్యయనంలో గణనీయమైన పాత్ర ఉండాలని, రాతకు బాధ్యత వహించాలని అంతర్జాతీయ వైద్య పత్రికా సంపాదకుల సంఘం చెబుతూనే ఉంది; పేరు ఎన్నో స్థానంలో ఉందన్నది దాని దృష్టిలో ప్రమాణమే కాదు. ఈ సర్క్యులర్‌పై భారతీయ వైద్య పత్రికల సంపాదకులు లేవనెత్తిన అభ్యంతరాల్లో మరొకటి, అది ఆమోదించిన సూచికల్లో (పత్రికలను నమోదు చేసే జాబితాల్లో) స్కోపస్, మెడ్‌లైన్‌ల సరసన, నాసిరకం పత్రికలనూ చేర్చుకుంటుందన్న విమర్శ ఉన్న ఇండెక్స్ కోపర్నికస్‌కూ చోటివ్వడం.

మండలికి ముందే హెచ్చరిక అందలేదని అనలేం. 2013లో ‘సైన్స్’ పత్రిక తరఫున పాత్రికేయుడు జాన్ బొహానన్ కావాలనే తప్పులతో అల్లిన ఒక క్యాన్సర్ పత్రాన్ని ఎవరైనా ఉచితంగా చదవగలిగే 304 ఓపెన్ యాక్సెస్ పత్రికలకు పంపితే 157 అంగీకరించాయి. అలా పరీక్షకు గురైన పత్రికల్లో దాదాపు మూడో వంతు భారత్‌లోనివే.

2020 ఫిబ్రవరి సవరణలో ఇండెక్స్ కోపర్నికస్‌ను తీసేశారు. మెటా అనాలిసిస్‌లను, క్రమబద్ధ సమీక్షలను (సిస్టమాటిక్ రివ్యూలను) చేర్చారు; ఇవి పాత అధ్యయనాల ఫలితాలను కలిపి విశ్లేషించే పత్రాలు. గుర్తింపును మొదటి ముగ్గురికి, లేదా పత్రం తరఫున పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే కరస్పాండింగ్ రచయితకు విస్తరించారు. అంటే సంపాదకుల మాటలో సగమైనా నిజముందని ఒప్పుకోవడానికి దాదాపు నాలుగున్నరేళ్లు పట్టింది. కరస్పాండింగ్ రచయిత కాకపోతే, నాలుగో పేరు నుంచి కిందివారి శ్రమకు మాత్రం ఆ సవరణలోనూ లెక్క లేదు.