మాస్టారు ఏం పాడితే బాగుంటుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ సంగీతం మాస్టారికి ఊళ్ళో సన్మానం చేస్తున్నారనీ, ఆ సభలో ఆయన ఏం పాడాలన్న దాని మీద మీరు వాదులాడుకుంటున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒకరు ‘ఎందరో మహానుభావులు’ అంటే, ఇంకొకరు రాగం తానం పల్లవి, అదే ఒక్క రాగాన్ని చాలాసేపు విస్తరించి పాడేది, అంటున్నారట. మంచి గొడవే. దీనికి తీర్పు చెప్పే ముందు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సంగతి ఒకటి రాస్తాను.

1966 అక్టోబరు 23న న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితి సభలో ఆవిడ కచేరీ చేశారు. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్ళు. త్యాగయ్య కీర్తనలు ఎన్ని వచ్చో లెక్కలేదు. మూడేళ్ళ ముందే ఆవిడ వేంకటేశ్వర సుప్రభాతం రికార్డయి వచ్చింది. మనిళ్ళలో పొద్దున్నే మోగేది అదే. మనలాంటివాళ్ళని అడిగితే అదే పాడమనేవాళ్ళం. కానీ అది స్వామిని నిద్ర లేపే పాట. కొండ మీద గుడి తలుపుల ముందు పాడితే దానికి అందం. దేశదేశాల రాయబారులు కూర్చున్న హాలుకి అది అతకదు.

ఆ కచేరీ అనగానే ఇవాళ్టికీ అందరూ చెప్పుకునేది ‘మైత్రీం భజత’ అనే చిన్న సంస్కృత గీతం. కంచి చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామి రాసిచ్చారు, వసంత్ దేశాయ్ బాణీ కట్టారు. అంతకు ముందు ఏడాదే భారత్, పాకిస్తాన్ యుద్ధం చేసుకున్నాయి. వియత్నాంలో ఇంకా బాంబులు పడుతూనే ఉన్నాయి. అలాంటప్పుడు ‘యుద్ధం త్యజత, స్పర్ధాం త్యజత’ అని ఆ హాల్లోనే పాడారు. యుద్ధం మానండి, పోటీలు మానండి అని. ఏ ఒక్క దేవుడి పేరూ అందులో లేదు. భూమి తల్లి అంటుంది, దయగల దేవుడు తండ్రి అంటుంది, అంతే. పాట చివర ‘శ్రేయో భూయాత్ సకల జనానాం’, అంటే జనమందరికీ మేలు కలగాలి, అన్న పాదం దగ్గరికి వచ్చేసరికి సంగతుల హడావుడి, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం, ఏమీ ఉండదు. ఒకసారి విన్నవాళ్ళు రెండోసారి గొంతు కలపగలరు. విద్వత్తు చూపించే పాట కాదది. అంత విద్వత్తున్న మనిషి, అంత పెద్ద సభలో, దాన్ని పక్కన పెట్టి పాడారు. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

పెద్ద సభలో కొత్త పాట ఎత్తుకోకూడదని మా పెద్దవాళ్ళు అనేవారు. మంచి మాటే. ఇది కొత్త పాటే అయినా, నడక సులువు, భాష ఆవిడ నోట్లో ఆడే భాష, కాబట్టి చెల్లింది. అదే సభలో రాజాజీ రాసిన ఇంగ్లీష్ ప్రార్థన కూడా పాడారు. అక్కడ కూర్చున్నవాళ్ళకి అర్థమైంది అదే అయ్యుంటుంది. అయినా జనం నోట నిలిచింది సంస్కృతం పాటే! వినేవాళ్ళ భాష ఒక్కటే చూసుకుంటే చాలదన్నమాట.

బిస్మిల్లా ఖాన్ గారికైతే ఈ మాటల బాధే లేదు. 1950 జనవరి 26న, మొదటి గణతంత్ర దినోత్సవానికి, ఎర్రకోటలో షెహనాయి మీద కాఫీ రాగం వాయించారు. మన సన్నాయిలాగే అది మంగళవాద్యం, శుభకార్యానికి వేరే అర్థం చెప్పక్కర్లేదు.

ఇక మీ గొడవ. రాగం తానం పల్లవి వద్దు. అది కచేరీలో తీరిగ్గా వినేది. శాలువాలు కప్పే సభలో జనం మధ్యలోనే లేచిపోతారు, ఆయనకి టెన్షన్. ‘ఎందరో’ బాగుంటుంది. సన్మానం అందుకునే మనిషి తనకన్నా పెద్దవాళ్ళందరికీ దణ్ణం పెట్టడం కన్నా ఏం కావాలి? కాకపోతే అది త్యాగయ్య పంచరత్న కీర్తనల్లో, అంటే ఆయన అయిదు పెద్ద కీర్తనల్లో, ఒకటి, పది చరణాలు. ఈ వయసులో ఒక్కరే మొత్తం పాడితే ఊపిరి చాలదు. పల్లవి, అనుపల్లవి ఆయన పాడి, చరణాలు మీరు అందుకుంటే సరిపోతుంది. శృతి మాత్రం ఆయన గొంతుకి తగ్గట్టే పెట్టండి, మీ గొంతులకి కాదు. ఉపన్యాసాలన్నీ అయ్యాక కాకుండా ముందే పాడించమని నిర్వాహకులకి చెప్పండి. లేకపోతే అప్పటికి సగం మంది భోజనాల దగ్గర ఉంటారు.

అన్నిటికన్నా ముందు మాస్టారిని అడిగారా? మీ అమ్మ ఆ సంగతి చెప్పలేదు. రేపే వెళ్ళి అడగండి. ఆయన మనసులో వేరే పాట ఉంటే, నేను రాసిందంతా పక్కన పెట్టేసి అదే పాడించండి. ఏ పాటో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య