కొత్త కార్డు వేసినా గేమ్ ఎందుకు తడబడుతోంది? – పిల్లకాయలకు తాత ఉత్తరం

చిరంజీవులు బుజ్జమ్మకు, చిన్నోడికి, నెల్లూరులో మీతో పాటు ఆ కంప్యూటర్ పెట్టె చుట్టూ మూగే పిల్లకాయలందరికీ తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు: "తాతా, బెంగళూరు బాబాయి తను కొత్తది కొనుక్కుని పాత 4090 గ్రాఫిక్స్ కార్డు మాకిచ్చాడు. వేశాం. ఊరి బయట తిరుగుతుంటే గేమ్ బాగానే ఉంది, సంత మధ్యకి పోతే మాత్రం కుదుపులు. కార్డు పాడైందా?" ఆ పక్కన మీ నాన్న "ఇంకో కార్డు కొనమంటారేమో" అని గొణగడం కూడా వినపడింది. రేడియోలు, టీవీలు, తర్వాత కంప్యూటర్లు బాగుచేసి బతికినవాణ్ణి కదా, ఇలాంటి ప్రశ్నకు ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేను.

కార్డు పాడవలేదురా. జత కుదరలేదు.

నా చిన్నప్పుడు ప్రకాశం జిల్లా లేదు. మా ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా అయింది, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. టంగుటూరు దగ్గర మా ఊరి తిరునాళ్లకు బండలాగుడు పందేలు జరిగేవి. పాలపళ్ల గిత్తలు, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని వేరువేరుగా కట్టేవాళ్లు. ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అదే లెక్క. మేం పిల్లకాయలం కంచె కింద దూరి బండకు మరీ దగ్గరగా కూర్చునేవాళ్లం. ఒంగోలు గిత్త బండను కదిలించే ముందు ఒక్క క్షణం కదలదు. మెడ దించుతుంది, మూపురం పక్కకి వాలుతుంది, గిట్ట మట్టిలో బెత్తెడు దిగుతుంది, ఆ తర్వాత మోకు కిర్రుమంటుంది. ఆ కిర్రు వినడం కోసమే మేం పోయేది. ఆ జాతినే బ్రెజిల్ వాళ్లు పట్టుకెళ్లి నెలోర్ అని మీ ఊరి పేరుతో పిలుచుకుంటున్నారు, తెలుసా? సరే, దారి తప్పుతున్నా.

మా వీధి చివర ఒక మోతుబరి ఉండేవాడు. ఒక ఏడాది ఎక్కడా లేని గిత్తను తెచ్చాడు. దాన్ని చూడటానికి ఊరు ఊరంతా కదిలింది. డబ్బంతా దాని మీదే పెట్టాడు గనుక, ఇంట్లో ఉన్న ముసలి ఎద్దునే దానికి జతగా కట్టాడు. ఎలపట, అంటే కుడివైపు, ముసలిది; దాపట, అంటే ఎడమవైపు, కొత్తది. ఏమైంది? కొత్తది ముందుకు దూకుతుంది, కాడి పక్కకు తిరుగుతుంది, బండ అడ్డంగా జరుగుతుంది, ముసలిది తన అడుగు వేసేదాకా కొత్తది ఆగాలి. చూసేవాళ్లకు మాత్రం "ఏమి గిత్తరా!" అనిపిస్తుంది. అడుగులు కొలిస్తే అవి ముసలిదాని అడుగులే.

మీ పెట్టెలో ప్రాసెసర్ ఎలపటెద్దు, గ్రాఫిక్స్ కార్డు దాపటెద్దు. మీ ప్రాసెసర్ రైజెన్ 5 3600, 2019లో వచ్చింది. 4090 వచ్చింది 2022లో. గేమ్‌లో ఎవడు ఎక్కడ ఉన్నాడు, తూటా ఎటు పోయింది, బండి ఎటు తిరిగింది అని లెక్క తేల్చి, ఇక గియ్యి అని ఆజ్ఞ ఇచ్చేది ప్రాసెసర్. ఆ ఆజ్ఞ అందుకుని చుక్క చుక్కకూ రంగు వేసేది కార్డు. సంతలో జనం ఎక్కువ, అందరి లెక్కా తేల్చాలి. ఒక్కో బొమ్మకు ప్రాసెసర్ 20 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి, సెకనుకు 50 బొమ్మలే వస్తాయి. కార్డు తన పని 5 మిల్లీసెకన్లలో ముగించి చేతులు కట్టుకుని నిలబడినా సరే, 51వ బొమ్మ రాదు. పైగా ఆ ఇరవై కాస్తా ఒకసారి పదిహేనై, ఇంకోసారి నలభై అయితే, కంటికి కుదుపుగా తగిలేది అదే.

మా మోతుబరి పాలేరు తెలివైనవాడు. మర్నాడు మోకును కాడి నడిమధ్య కట్టకుండా, కొత్త గిత్త వైపు బెత్తెడు జరిపి కట్టాడు. బరువు ఎక్కువ పాలు బలమున్నదాని మీద పడింది, కాడి నిలబడింది. మీరూ అదే చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. మీ మానిటర్ 1080పీ, అంటే 20,73,600 చుక్కలు. 4కే అయితే 82,94,400, సరిగ్గా నాలుగింతలు, అంటే మీ తెర మీద కార్డుకు బలం ఇంకా మిగులుతుంది. సెట్టింగుల్లో నీడలు, నీళ్ల మెరుపులు పెంచితే బరువు చాలావరకు కార్డు మీదకే పోతుంది. జనం సంఖ్య, ఎంత దూరం దాకా వస్తువులు కనపడాలి అనేవి తగ్గిస్తే ముసలెద్దు మెడ తేలికవుతుంది. అన్నీ "అల్ట్రా" అని ఒకేసారి నొక్కేవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఎద్దునే మార్చాలంటే? కాడి మార్చనక్కర్లేదు. మీ మదర్‌బోర్డుది ఏఎం4 సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు. బోర్డు కంపెనీ వాళ్ల జాబితాలో పేరుంటే, బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రాం బయోస్‌ను అప్‌డేట్ చేసి అదే బోర్డులో రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ కూర్చోబెట్టొచ్చు. దాని బలం కండలో కంటే గాడిలో ఉంది. ఎద్దు ముందు గాడిలో ఉలవలు ఉంటే నోరు వంచితే చాలు. గాడి ఖాళీ అయితే దొడ్లో వామి దగ్గరకు పోవాలి. ప్రాసెసర్‌కు గాడి క్యాష్, వామి ర్యామ్. మీ 3600కు ఎల్3 క్యాష్ 32 ఎంబీ, దీనికి 96. చిప్పు మీద చిప్పు పేర్చి పెంచారు ఆ గాడిని. గేమ్‌ల లెక్కలకు ఇది భలే పనికొస్తుంది. అదే తర్వాతి సాకెట్ ఏఎం5కి పోతే బోర్డు, ర్యామ్ రెండూ మార్చాలి, ఎందుకంటే అందులో డీడీఆర్5 రకం ర్యామ్ తప్ప పట్టదు. మీ నాన్న గొణుగుడు అప్పుడు గొణుగుడుగా ఉండదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. అదే పెట్టెకు కరెంటు అందించే డబ్బా. దాణా పెట్టకుండా బండ కట్టడం పాపం. 4090 ఒక్కటే 450 వాట్ల దాకా తాగుతుంది, దానికి 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని తయారుచేసినవాళ్లే చెప్పారు. పాత 550తో నడుపుతుంటే ఇవాళే ఆపండి. కార్డుకు పోయే పదహారు పిన్నుల కనెక్టరును అంచు కనపడకుండా పూర్తిగా లోపలికి నొక్కండి, కనెక్టరు పక్కనే వైరు మడిచి వంచకండి. సగం దిగిన కనెక్టర్లు వేడెక్కి కరిగిన సంగతి కార్డు వచ్చిన ఏడాదే బయటపడింది. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని బుజ్జమ్మ అంది కదా, అది పెట్టె తప్పు కాకపోవచ్చు, ఇంటి ఎర్తింగు చూపించండి. మీ ఇల్లు పాతది. గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో!

రోహిణి కార్తెలో ఎద్దుల్ని పొద్దెక్కాక ఎవడూ కట్టడు. మీరేమో మధ్యాహ్నం రెండింటికి, తలుపులేసిన గదిలో, పెట్టెను చెక్క బీరువాలోకి నెట్టి ఆడతారు. ఫ్యాను గాలితో గానీ, నీళ్లతో తిప్పే కూలరుతో గానీ, చిప్పు గది కంటే చల్లబడదు. గది 40 డిగ్రీలుంటే లెక్క అక్కడి నుంచే మొదలు. 95 దాకా పోతే ప్రాసెసర్ తనంతట తనే అడుగు నెమ్మది చేసుకుంటుంది. పెట్టెను బయటికి లాగండి, ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ బయటికి పోయేట్టు ఫ్యాన్లు పెట్టండి, జల్లెడ మీది దుమ్ము దులపండి. ప్రాసెసర్ మార్చేరోజు థర్మల్ పేస్టు బఠాణీ గింజంత చాలు, అట్టు మీద నెయ్యిలా పులమక్కర్లేదు.

ర్యామ్ రెండు కడ్డీలు రెండో, నాలుగో స్లాట్లలో ఉన్నాయా? బయోస్‌లో ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ పెట్టారా? నవ్వకండి, దుకాణంలో నా దగ్గరకొచ్చిన పెట్టెల్లో ఇది ఎక్కువ. విండోస్‌లో మానిటర్ 144 హెర్ట్జ్ (సెకనుకు 144 బొమ్మలు) మీద ఉందో, 60 మీదే ఉండిపోయిందో కూడా చూడండి.

ఒక్క మాట మాత్రం వివరించలేను. నేను పని నేర్చుకున్న రోజుల్లో చేతి రేడియో విప్పితే ఆరో ఏడో ట్రాన్సిస్టర్లు, వేలు పెట్టి లెక్కపెట్టేవాణ్ణి. ఒకటి పోతే వాసన పట్టి ఏదో చెప్పేవాణ్ణి. ఆ 4090 చిప్పు ఆరు చదరపు సెంటీమీటర్లు, అందులో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లు. 4కే తెర మీద సెకనుకు 144 బొమ్మలంటే దాదాపు 119 కోట్ల చుక్కల రంగు ప్రతి సెకనూ తేల్చాలి. ఎట్టా చేస్తుందిరా అంటే పుస్తకంలో ఉన్నది చెప్పగలను గానీ, నమ్మకం మాత్రం నాకే కుదరదు.

సాయంత్రం చల్లబడ్డాక ఒక పని చెయ్యండి. గేమ్ పెట్టి, అంకెలు చూపించే ఓవర్‌లే తెరిచి, ఆ సంతలోకే పోండి. కార్డు 97, 98 శాతం చూపిస్తే అది పూర్తి బలంతో లాగుతున్నట్టు. 50, 60 దగ్గర ఊగుతుంటే దాన్ని ఎలపటది ఆపుతున్నట్టు. ప్రాసెసర్ శాతం చూసి మోసపోకండి, ఆరు కోర్లలో ఒక్కటి అలసినా మొత్తం మీద తక్కువే చూపిస్తుంది. తర్వాత రిజల్యూషన్ 720కి దించి అదే చోట నిలబడండి. బొమ్మలు పెరగకపోతే ఎవరి తప్పో మీకే తెలుస్తుంది. రెండు సార్లూ వచ్చిన అంకెలు కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపండి. అవి చూశాకే మీ నాన్నతో డబ్బు సంగతి నేను మాట్లాడతాను, మీరు మాట్లాడొద్దు.

ఇట్లు
మీ తాత