దూరం నుంచి 137, దగ్గరికెళ్తే 129

కాన్‌స్టంట్ అని పేరు పెట్టుకున్నాక మళ్లీ మారడమేంటి అని ఎవరికైనా డౌట్ వస్తుంది, నాకూ వచ్చింది. ఫైన్ స్ట్రక్చర్ కాన్‌స్టంట్, ముద్దుగా ఆల్ఫా. 1916లో సొమ్మర్‌ఫెల్డ్ హైడ్రోజన్ స్పెక్ట్రమ్‌లో గీతలు సన్నగా ఎందుకు చీలిపోతున్నాయో లెక్కకడుతూ తెచ్చిన నంబర్, ఎలక్ట్రాన్‌కి కాంతితో లంకె ఎంత గట్టిదో చెబుతుంది. విలువ సుమారు 1/137.036. కానీ 91 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర, అంటే జెడ్ బోసాన్ అనే బరువైన కణం పుట్టే ఎనర్జీ దగ్గర చూస్తే అది దాదాపు 1/129, కింది నంబర్ తగ్గింది కాబట్టి ఆల్ఫా పెరిగిందన్నమాట. కొన్ని పుస్తకాల్లో 128 అని ఉంటుంది, కంగారు పడక్కర్లేదు, లెక్కగట్టే పద్ధతిలో తేడా అంతే.

ఎందుకిలా? గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు వేయండి. సోడియం అయాన్ చుట్టూ నీటి అణువులు తమ ఆక్సిజన్ వైపుని దానికేసి తిప్పుకుని బెల్లానికి చీమల్లా ముసురుతాయి, దాంతో దూరంగా ఉన్న క్లోరైడ్‌కి ఆ చార్జ్ ప్రభావం సుమారు 80వ వంతే తెలుస్తుంది. శూన్యం కూడా కొంచెం ఇలాంటిదే, ఎలక్ట్రాన్, దానికి ప్లస్ చార్జ్ జోడీ అయిన పాజిట్రాన్, ఈ జంటలు మనం చూసే ఎలక్ట్రాన్ చార్జ్‌ని కాస్త కప్పేస్తాయి, ఎనర్జీ ఎక్కువైతే దగ్గరగా దూరగలం కాబట్టి ఆ ముసుగు లోపలికి వెళ్లి ఎక్కువ చార్జ్ చూస్తాం. జంటలు పుట్టి చస్తుంటాయనేది బొమ్మ కోసం చెప్పుకునే మాటే అనుకోండి, లెక్కలో ఉండేది క్వాంటమ్ ఫీల్డ్ స్పందన.

నాకు బాగా నచ్చేది వేరే ఉంది. ఈ ముసుగు మందం సుమారు 386 ఫెమ్టోమీటర్లు, అది హైడ్రోజన్ పరమాణువు వ్యాసార్థంలో 137వ వంతు, మళ్లీ అదే నంబర్! అంతకంటే బాగా దూరం వెళ్తే ఇక మార్పు ఉండదు, ఎలక్ట్రాన్‌కి బరువుంది కాబట్టి ఆట అక్కడితో ఆగిపోతుంది, మనం బట్టీపట్టిన 137 ఆ ఆగిపోయిన విలువే. అందుకే మామూలు హైడ్రోజన్‌లో రెండు ఎనర్జీ మెట్ల మధ్య కనిపించే చిన్న తేడా, అంటే 1058 మెగాహెర్ట్జ్ ల్యాంబ్ షిఫ్ట్‌లో, ఈ ముసుగు వాటా మైనస్ 27 మాత్రమే. అదే ఎలక్ట్రాన్ బదులు 207 రెట్లు బరువైన దాని అన్నలాంటి కణం మ్యూయాన్‌ని పెట్టారనుకోండి, అది ప్రోటాన్‌కి సుమారు 186 రెట్లు దగ్గరగా తిరుగుతుంది, అంటే ముసుగు లోపలే కాపురం, ల్యాంబ్ షిఫ్ట్ మొత్తం దాదాపు ఇదే అయిపోతుంది.

కొలిచారా అంటే కొలిచారు. 1997లో జపాన్‌లో కణాల్ని ఢీకొట్టే యంత్రం ట్రిస్టాన్ కొలైడర్‌లో టోపాజ్ టీమ్ సుమారు 58 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర 1/128.5 చూసింది, తర్వాత జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల లెప్ కొలైడర్‌లో కూడా ఈ మార్పుని కొలిచారు. లెప్‌లో వాడింది ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొని చెదిరే ప్రక్రియ, దాని పేరు భాభా స్కాటరింగ్, అవును మన హోమీ భాభాయే, 1930ల్లో కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడు కట్టిన లెక్క.

ఆల్ఫా కాలంతో మారుతోందా అనేది పూర్తిగా వేరే ప్రశ్న, గాబన్‌లోని ఓక్లో యురేనియం గనుల్లో, క్వేజార్లనే దూరపు గెలాక్సీల ప్రకాశవంతమైన కేంద్రాల వెలుగులో వెతికేది దాని కోసం. జనం రెండూ కలిపేస్తుంటారు.

ఇంకొక చిక్కుంది. ఎలక్ట్రాన్ జంటలొక్కటే అయితే 137 నుంచి 134.6 దాకానే దిగాలి, మిగతాది మ్యూయాన్లు, వాటికన్నా బరువైన టావ్‌లు, ప్రోటాన్ లోపల ఉండే క్వార్కులు లాగుతాయి. ఎలక్ట్రాన్, మ్యూయాన్, టావ్‌ల వాటా పెన్నూ పేపర్‌తో వచ్చేస్తుంది. దిగినదాంట్లో దాదాపు సగం క్వార్కులది, అది మాత్రం అలా లొంగదు, ఎక్కువగా కొలైడర్లలో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొని క్వార్కులతో కట్టిన కణాలు, అంటే హాడ్రాన్‌లు, ఎన్ని పుట్టాయో లెక్కపెట్టి తెచ్చుకోవాలి, 129 పక్కన దశాంశాల్లో మిగిలిన అనుమానం దాదాపు అంతా అక్కడిదే.