పడక పక్కన కుర్చీ, దాని వెనక వీలునామా

ముసలి రచయితకూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండే మనిషికీ మధ్య ప్రేమ పుట్టిందంటే లోకం ముందు వయసులు లెక్కేస్తుంది. తగాదా మాత్రం రాతప్రతుల దగ్గర మొదలవుతుంది. మామూలు ఇంట్లో సేవ అంటే వేళకు మందులు, ఒళ్లు తుడవడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం. రచయిత ఇంట్లో వీటికి తోడు చెప్పింది రాసిపెట్టాలి, రాసింది చదివి వినిపించాలి. చూపు తగ్గి చెయ్యి వణికే మనిషికి ఆ సహాయకురాలే చెయ్యి. కాగితం మీద అక్షరాలు ఆమెవి, మాట ఆయనది. ఆయన పోయాక ఈ తేడా నిరూపించడం కష్టం.

జర్మన్ కవి హైన్రిష్ హైనే 1848లో పారిస్‌లో మంచం పట్టాడు. నేల మీద పరుపులు పేర్చుకుని పడుకునేవాడు, ఆ పడకకు తనే ‘పరుపుల సమాధి’ అని పేరు పెట్టుకున్నాడు. రెప్పలు వాలిపోవడంతో ఏదైనా చూడాలంటే వేలితో కనురెప్ప ఎత్తి పట్టుకోవాలి. 1855లో ఎలీజ్ క్రినిట్జ్ అనే యువతి రావడం మొదలుపెట్టింది. చదివి వినిపించేది, ఉత్తరాలు రాసిపెట్టేది. ఆమె ఉత్తరాల ముద్ర మీద ఈగ బొమ్మ ఉండేది, అందుకే ఆమెను ‘మూష్’ అన్నాడు, ఫ్రెంచిలో ఈగ అని. చివరి కవితల్లో కొన్ని ఆమె కోసమే. భార్య మాటిల్డ్‌కు జర్మన్ రాదు కనుక ఆ కవితలు ఆమెకు అందనివి. అయినా 1856 ఫిబ్రవరిలో హైనే పోయాక ఆస్తికి వారసురాలు భార్యే.

తర్వాతి తరాల్లో ఆ కుర్చీలో టైపిస్టులు, కార్యదర్శులు కూర్చున్నారు. ఇంగ్లిష్ నవలాకారుడు థామస్ హార్డీ 1914లో, 73 ఏళ్ల వయసులో, తనకు టైపు చేసిపెట్టే ఫ్లోరెన్స్ డగ్‌డేల్‌ను పెళ్లాడాడు. ఆయన పోయాక ఆమె పేరుతో వచ్చిన హార్డీ జీవితచరిత్రలో చాలా భాగం ఆయనే రహస్యంగా రాసుకున్నది. ఆమె టైపు చేయగానే చేతిరాత కాగితాలు తగలబెట్టేవారు. ఎవరు ఎవరి చెయ్యి అన్న ప్రశ్న అక్కడ తలకిందులైంది.

చట్టానికి ప్రేమతో పని లేదు, ఒత్తిడి ఉందా లేదా అన్నదే దాని అనుమానం. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ 909వ అధికరణం, చివరి జబ్బులో వైద్యం చేసిన డాక్టరు ఆ రోగి నుంచి కానుక పొందకూడదంది. 2015లో అలాంటి నిషేధాన్నే ఇంటికొచ్చి సాయం చేసే పనివాళ్లకూ పెట్టారు. సాయం అవసరమైనంత మాత్రాన బుద్ధి పనిచేయట్లేదని అనుకోవడం కుదరదని 2021లో అక్కడి రాజ్యాంగ మండలి దాన్ని కొట్టేసింది. సరైన తీర్పే. కాలిఫోర్నియా దారి వేరు: సేవలో ఉండగా గానీ, మానేసిన 90 రోజుల్లో గానీ పెళ్లి చేసుకుని, ఆరు నెలలు నిండకముందే ఆస్తి రాయించుకుంటే, ఒత్తిడి లేదని ఆ సహాయకురాలే నిరూపించుకోవాలి. సంబంధం లేని లాయరు ముసలాయనతో ఒంటరిగా మాట్లాడి ధ్రువపత్రం ఇస్తే ఆ భారం తప్పుతుంది. ఒంటరిగా అంటే ఆమే కాదు, పిల్లలూ గదిలో ఉండకూడదు.

ఇంగ్లండులో దెబ్బ ఇంకో వైపు నుంచి తగులుతుంది. 1837 వీలునామాల చట్టం ప్రకారం పెళ్లితో పాత వీలునామా రద్దవుతుంది. అందులో రచనల బాధ్యత ఎవరికో అప్పగించి ఉంటే ఆ ఏర్పాటూ పోయినట్టే, పెళ్లయ్యాక మళ్లీ రాయాలి. అప్పుడు డాక్టరు చేత మానసిక స్థితి పరీక్ష చేయించి, ఆయన్నే సాక్షిగా పెట్టుకోవడం మంచిదని అక్కడి కోర్టులు 1970ల నుంచీ చెబుతున్నాయి. ఎక్కువమంది పొరబడే సంగతి ఇంకోటుంది. మామూలుగా రాతప్రతి చేతికిస్తే కాగితమే ఇచ్చినట్టు, కాపీరైటు కాదు. కానీ ఇంగ్లండులో అచ్చుకాని రాతప్రతిని వీలునామాలో రాసిస్తే, వేరే మాట చెప్పనంతవరకు, 1988 చట్టం ప్రకారం కాపీరైటు కూడా దాని వెంటే పోతుంది.

చూపు పోయిన అర్జెంటీనా రచయిత హోర్హే లూయిస్ బోర్హెస్‌కు ఏళ్ల తరబడి సహాయకురాలిగా, ప్రయాణాల్లో తోడుగా ఉన్న మరియా కొడామాతో 1986 ఏప్రిల్‌లో పెళ్లయింది. అప్పటికి అర్జెంటీనాలో విడాకుల చట్టం లేదు, ఆయన మొదటి పెళ్లి కాగితాల్లో అలాగే ఉంది, అందుకని ప్రతినిధుల ద్వారా పరాగ్వేలో జరిపించారు. జూన్ 14న ఆయన జెనీవాలో పోయాడు. ఆ తర్వాత ముప్పై ఆరేళ్లకు పైగా ఆమె ఆయన రచనల హక్కులను పట్టుదలగా కాపాడింది, కోర్టులకెక్కింది. 2023 మార్చిలో ఆమె పోయినప్పుడు చూస్తే సొంత వీలునామా లేదు. బోర్హెస్ రచనల హక్కులు ఆమె సోదరుడి పిల్లలకు వెళ్లాయి.