ఊళ్ళో చెట్ల కింద నడక: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో కౌన్సెలింగ్ చేసే నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది జబ్బుపడినవారు కారు, అలసిపోయినవారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, ఆసుపత్రిలో అయినవారికి తోడుగా వారాల తరబడి ఉండిపోయినవారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కౌంటరు వెనుక కూర్చుని జనానికి జవాబు చెప్పే ఉద్యోగులు వస్తుంటారు. చదివిన వాక్యమే మళ్ళీ చదువుతున్నామని, చిన్న మాటకే పిల్లలమీద అరుస్తున్నామని, కూర ఏం వండాలో కూడా తేల్చుకోలేకపోతున్నామని చెబుతారు. రోజూ కాసేపు చెట్ల మధ్య నడవమని నేను చెప్పగానే మళ్ళీ మళ్ళీ వినిపించే జవాబు ఒకటే: "రెండు దినాలు సెలవు దొరికితే తలకోనకు పోయొస్తా మేడం, అప్పుడే తలకాయి కుదుటపడేది." ఈ జవాబు గురించి వివరంగా రాయవలసిన అవసరం ఉందని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అపోహ: మనసు తేరుకోవాలంటే అడవికో కొండకో పోవాలి, ఊళ్ళో నాలుగు చెట్ల వల్ల ఒరిగేదేమీ లేదు.

నేను చూసినంతలో జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. కళ్ళెదుట శేషాచలం నిలబడి ఉన్న ఊరిలో, ఆ కొండ ముందు వీధి చెట్టు అల్పంగా కనిపించడం సహజమే. కానీ ఆ రెండు రోజుల సెలవు దొరకదు. దొరికిన వారానికి ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది, లేదా దర్శనానికని బంధువులు దిగుతారు; తిరుపతిలో కాపురముంటున్న ఏ ఇల్లాలిని అడిగినా ఈ సంగతి చెబుతుంది. ప్రయాణం వచ్చే నెలకు, ఆ పై నెలకు జరుగుతూ పోతుంది, ఈలోగా విసుగు నిద్రలేమిగా ముదురుతుంది. ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న నీడను లెక్కచేయక నెలలు పోగొట్టుకున్నవారిని చూసినప్పుడు, తప్పు వారిది కాదని, వారికి ఎవరూ సరిగ్గా చెప్పలేదని నాకు అనిపిస్తుంది.

వాస్తవం ఏమిటంటే, మనలో అలసిపోయేది ముఖ్యంగా ఏకాగ్రత. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్తలు స్టీఫెన్ కాప్లన్, రేచల్ కాప్లన్ 1989లో ఈ విషయాన్ని ఒక సిద్ధాంతంగా వివరించారు. మనం బలవంతాన నిలుపుకునే ఏకాగ్రత ఒకటి ఉంది. లెక్కలు సరిచూసేటప్పుడు, బస్టాండు ముందు రోడ్డు దాటేటప్పుడు, డాక్టరు చెప్పే మందుల వేళలు వినేటప్పుడు దాన్నే వాడతాం. ఒకదాని మీద మనసు నిలపడమంటే మిగిలిన వందింటిని తోసిపుచ్చడమే కాబట్టి అది త్వరగా అలసిపోతుంది. రెండోది మన ప్రయత్నం లేకుండానే కలిగే ధ్యాస. ఆకులు కదులుతుంటే, ఉడుత కొమ్మ మారుతుంటే, నేలమీద నీడ జరుగుతుంటే చూపు తనంతట తాను అటు పోతుంది, మనల్ని ఏమీ అడగదు, ఆలోచనకు చోటు కూడా మిగులుస్తుంది. ఆ కాసేపు మొదటిది విశ్రాంతి తీసుకుంటుంది. ఫోను కూడా చూపును లాగుతుంది కదా అని పిల్లలు అడుగుతుంటారు. ఫోను మొత్తం మనిషినే లాగేసుకుంటుంది, చోటు మిగల్చదు. ఇందులో ఎక్కడా అడవి అన్న షరతు లేదని గమనించండి.

అదే విశ్వవిద్యాలయంలో మార్క్ బెర్మన్ బృందం 2008లో ప్రచురించిన ప్రయోగం దీన్ని తేటగా చూపుతుంది. కొందరికి ముందు మెదడు అలసిపోయే పని ఇచ్చి, తరువాత దాదాపు గంటసేపు నడవమన్నారు. ఒకసారి విశ్వవిద్యాలయం దగ్గరి వృక్షవనంలో, మరో వారం రద్దీగా ఉండే బజారు వీధుల్లో నడిచారు. విన్న అంకెలను తలకిందులుగా అప్పజెప్పమంటే, చెట్ల మధ్య నడిచి వచ్చిన రోజున స్పష్టంగా మెరుగ్గా చెప్పగలిగారు. బజారులో నడిచిన రోజున అంత మార్పు కనిపించలేదు. ఆ వృక్షవనం ఉన్నది ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళోనే. ఇంకో విశేషం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది: గడ్డకట్టే చలిలో నడిచినవారు ఆ నడకను పెద్దగా ఆనందించలేదు, అయినా మేలు మాత్రం వారికీ కలిగింది. "నడిచాను మేడం, ఏమీ హాయిగా అనిపించలేదు" అని మొదటి రోజే దిగులుపడేవారికి నేను ఈ మాట తప్పకుండా చెబుతాను.

అసలు నడవలేని వారి సంగతి కూడా ఉంది. రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవారి రికార్డులు పరిశీలించి 1984లో ఫలితాలు ప్రకటించారు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవారు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవారికంటే కొంత ముందుగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. పోల్చి చూసింది 23 జతల రోగులనే కాబట్టి దాన్ని అతిగా చెప్పుకోనక్కరలేదు, కొట్టిపారేయనూ అక్కరలేదు.

ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు పీలేరు వైపునుంచి వచ్చిన ఒకావిడ గుర్తుకు వస్తుంది. భర్తను ఇక్కడ ఆసుపత్రిలో చేర్చి వరండాలోనే చాప వేసుకుని పడుకునేది. నర్సు చెప్పిన మాట నిమిషంలో మరిచిపోయి మళ్ళీ అడగవలసి వస్తున్నదని, వాళ్ళు విసుక్కుంటున్నారని చెప్పి ఏడ్చింది. ఆసుపత్రి ప్రహరీ పక్కన కానుగ చెట్ల వరుస ఉంది. ఆడబిడ్డ క్యారియరు తెచ్చి కూర్చున్న సమయంలో ఆ వరుస కింద నాలుగుసార్లు అటూ ఇటూ తిరగమన్నాను. "దానికి మీరు చెప్పల్లా?" అంది, అయినా తిరిగింది. అది వేసవి మొదలు. కానుగ పూలు రాలి నేలంతా బొరుగులు చల్లినట్టుండేది, తలమీద తేనెటీగల రొద వినిపించేది. తరువాత కలిసినప్పుడు ఆవిడ ఆ పూల గురించే ఎక్కువసేపు మాట్లాడింది, లేత గులాబీ రంగని, ఒక పక్క చీమలు మోసుకుపోతున్నాయని. భర్త ఆరోగ్యంలో అప్పటికి మార్పేమీ లేదు. మందుల వేళలు మాత్రం ఇప్పుడు తనే చెబుతున్నానని అంది.

ఇక ఎంతసేపు అన్న ప్రశ్న. ఇంగ్లండులో దాదాపు 20,000 మందిని అడిగి చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. వారానికి మొత్తం 120 నిమిషాలైనా పచ్చని చోట్ల గడిపినవారు, అసలు గడపనివారికంటే తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఊళ్ళో పార్కులు కూడా ఆ లెక్కలో ఉన్నాయి, ఒకేసారి రెండు గంటలు గడిపినా కొంచెం కొంచెంగా గడిపినా తేడా లేదు. అది సర్వే మాత్రమే, కారణాన్ని నిరూపించదు. కానీ రోజుకు ఇరవై నిమిషాలు చాలవేమోనని బెంగపడేవారికి ధైర్యం చెప్పడానికి సరిపోతుంది. ప్రకాశం పార్కు ఉంది, యూనివర్సిటీ లోపలి రోడ్లున్నాయి, అవేవీ దగ్గర లేనివారికి తమ వీధిలోనే నీడ ఎక్కువున్న పక్క ఉంటుంది. ఫోను జేబులో పెట్టి, పాటలు కూడా ఆపి, నిదానంగా నడవండి. ఒకే దారిలో నడవడం వల్ల విసుగు పుడుతుందని భయపడకండి. కానుగ ఆకు రాల్చి, నిగనిగలాడే చిగురు వేసి, దట్టపడి, ఆ ఆకుల మీద పురుగు తొలిచిన తెల్లటి మచ్చలు పడేదాకా ఏ వారానికి ఆ వారం చూడవలసింది ఉంటుంది.

అపోహ: పదివేల అడుగులు పూర్తికాకపోతే నడక దండగ.

ఆ అంకె 1965 ప్రాంతంలో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కపెట్టే పరికరం పేరులోంచి ప్రచారమైంది, వైద్య పరిశోధన లోంచి పుట్టలేదు. గుండెకు, షుగరుకు వేగంగా నడవడం మంచిదే, డాక్టరు చెప్పి ఉంటే అది విడిగా చేయండి. మోకాళ్ళ నొప్పులతో ఒక బెంచీనుంచి ఇంకో బెంచీ దాకా మాత్రమే నడవగలిగినవారికి కూడా నేను పైన చెప్పిన మేలు అందుతుంది.

అపోహ: పొద్దుగూకాక చెట్లు విషవాయువు వదులుతాయి.

రాత్రివేళ చెట్లు మనలాగే బొగ్గుపులుసు వాయువు వదిలే మాట నిజమే. ఆరుబయట అది గాలిలో కలిసిపోతుంది; మూసిన గదిలో పక్కన పడుకున్న మనిషి వదిలేది అంతకంటే ఎక్కువగా మనకు అందుతుంది. చిత్తూరులో మా ఇంటి ముందు వేపచెట్టు ఉండేది. ఎండాకాలం మొత్తం దాని కింద మంచాలు వాల్చుకుని ఇంటిల్లిపాదీ పడుకునేవాళ్ళం, మా నాన్నకు తెల్లవారుజామున దుప్పటి మీద రాలిన వేపపూలు దులపడమే మొదటి పని. దీనికి అవతలి వైపున, చెట్ల కింద ఆక్సిజన్ ఎక్కువ ఉంటుందని అక్కడ నిలబడి గట్టిగా పీల్చేవారు ఉన్నారు. గాలిలో ఆక్సిజన్ పార్కులోనైనా బజారులోనైనా 21 శాతం దగ్గరే ఉంటుంది.

చిరుత భయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో కొంత నిజముంది. యూనివర్సిటీ, అలిపిరి పరిసరాలు కొండ అంచున ఉన్నాయి కాబట్టి, అటవీ శాఖ హెచ్చరించిన రోజుల్లో తెల్లవారకముందు, చీకటిపడ్డాక అటువైపు పోకూడదు. అయితే వాట్సాప్‌లో ఏడాదికోసారి తిరిగొచ్చే పాత వీడియో చూసి, ఊరి నడుమ పార్కుకు కూడా పోవడం మానేసినవారున్నారు. పంపినవారిని తేదీ అడగండి.

చివరి అపోహ ప్రమాదకరమైనది: నడక మొదలుపెట్టాం కాబట్టి మాత్రలు మానేయవచ్చునని. అలసటకు, దిగులు జబ్బుకు తేడా ఉంది. వారాల తరబడి ఏ పనిమీదా ఇష్టం పుట్టకపోయినా, ఆకలి చచ్చిపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే వైద్యుడిని కలవాలి; నడక అప్పుడు కూడా పక్కన ఉండవచ్చు, చికిత్సకు బదులు కాలేదు. మనసు కుదుటపడిందనిపించి ఉన్నట్టుండి మాత్రలు ఆపేసి, మళ్ళీ మొదటికి వచ్చినవారిని నేను చూశాను. మోతాదు తగ్గించాలా, ఎప్పుడు ఆపాలి అన్నది ఆ మాత్ర రాసిన వైద్యుడితో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం, పార్కులో పక్కన నడిచేవారు తమకు ఎలా తగ్గిందని చెప్పినా సరే.